పైథాన్‌తో రోబో చేతిని నడపడం: గడువు ఎవరి మీద పెట్టాలి?

ప్యానెల్ అంచు వెంట సీలెంట్ (సందులు మూసే జిగురు) పూసే రోబో అది. నాజిల్ సెకనుకు 100 మిల్లీమీటర్ల వేగంతో పోతుంటే గీత సన్నగా, సమంగా పడాలి. పడుతోంది కూడా, జానెడుకొక ముద్ద తప్ప. ఆపరేటర్ నాజిల్ కడిగాడు, సీలెంట్ డబ్బా మార్చాడు, పంపు ప్రెషర్ తగ్గించి చూశాడు. ముద్దలు మాత్రం పోలేదు. చివరికి స్టీల్ స్కేలు తీసుకుని ముద్దకీ ముద్దకీ మధ్య దూరం కొలిచాను. 200 మిల్లీమీటర్లు. ఏ రెండు ముద్దల మధ్య చూసినా అంతే. వేగం తెలుసు, దూరం తెలిసింది, అంటే 2 సెకన్లకోసారి చెయ్యి తడబడుతోంది. నా పైథాన్ ప్రోగ్రాంలో 2 సెకన్లకోసారి జరిగే పని ఒక్కటే, లాగ్ ఫైలును (ఏం జరిగిందో రాసుకునే చిట్టాను) డిస్కు మీదకు రాయడం. రెండు రోజులు పంపును తిట్టాం, తప్పేమో నాది.

పైథాన్‌లాంటి హైలెవెల్ భాషతో ఇండస్ట్రియల్ రోబోను రియల్ టైమ్‌లో నడపొచ్చా అని అడిగితే, నడపొచ్చు అనే అంటాను. కాకపోతే గడువును పైథాన్ నెత్తిన పెట్టకూడదు. పెట్టక తప్పకపోతే, అది ఎప్పుడో ఒకసారి తప్పుతుందని ముందే అనుకుని మిగతాదంతా కట్టుకోవాలి.

రియల్ టైమ్ అంటే వేగం అనుకునేవాళ్లు చాలామంది. పెళ్లి భోజనాలు అరగంట ఆలస్యమైతే పెద్దవాళ్లు గొణుక్కుంటారు, అంతే. జీలకర్ర బెల్లం మాత్రం ముహూర్తానికే పెట్టాలి, ముందూ కాదు, తర్వాతా కాదు. రోబో చేతికి ప్రతి 2 మిల్లీసెకన్లకూ ఒక ముహూర్తం ఉంటుంది. సగటున సమయానికే వస్తున్నానంటే కుదరదు.

1. గడువు ఏ లూపులో ఉందో చూడండి

లూపు అంటే మళ్లీ మళ్లీ తిరిగే పని. రోబోలో ఒక లూపు లోపల ఇంకో లూపు ఉంటుంది. అన్నిటికన్నా లోపల, మోటారు డ్రైవ్‌లో కరెంటును అదుపు చేసే లూపు సెకనుకు వేల సార్లు తిరుగుతుంది. దాని జోలికి మీరు వెళ్లరు, వెళ్లలేరు కూడా. దానిపైన కంట్రోలర్‌లో, ప్రతి కీలు తర్వాతి క్షణంలో ఎక్కడుండాలో లెక్కకట్టే లూపు. అందరికన్నా పైన మీ ప్రోగ్రాం.

రోబో కంపెనీలు ఎప్పట్నుంచో చేస్తున్నదీ ఇదే. ఏబీబీ వాళ్ల ర్యాపిడ్, కూకా వాళ్ల కేఆర్‌ఎల్ చూస్తే పాస్కల్‌లా కనిపించే హైలెవెల్ భాషలే. ఆ లైన్లను చదివే ఇంటర్‌ప్రెటర్ కాస్త వెనకబడినా చెయ్యి తడబడదు, ఎందుకంటే అది ముందే చదివి పెట్టుకుంటుంది. కూకాలో దీన్ని అడ్వాన్స్ రన్ అంటారు. మామూలుగా 3 కదలికలు ముందుకు చదివి ఉంచుతుంది. గడువు నిలబెట్టే బాధ్యత కింద కదలికలు లెక్కకట్టే ప్లానర్‌ది. మీ పైథాన్‌కు కూడా ఇలాంటి చోటే ఇవ్వాలి.

బయటి కంప్యూటర్ నుంచి లోపలికి వెళ్లడానికి ఒక్కో కంపెనీ ఒక్కో తలుపు (అంకెలు ఇచ్చిపుచ్చుకునే మార్గం) పెట్టింది. యూనివర్సల్ రోబోట్స్ ఈ-సిరీస్‌లో ఆర్‌టీడీఈ, సెకనుకు 500 సార్లు, అంటే 2 మిల్లీసెకన్లకోసారి. వాళ్ల పాత సీబీ3లో 125 సార్లే. ఏబీబీ ఈజీఎం 4 మిల్లీసెకన్లు, కూకా ఆర్‌ఎస్‌ఐ 4 లేదా 12, ఫానుక్ స్ట్రీమ్ మోషన్ 8, ఫ్రాంకా రోబోకైతే 1 మిల్లీసెకను. మీ రోబోకు ఏది ఉందో, దానికి లైసెన్సు విడిగా కొనాలేమో ముందు కనుక్కోండి. ప్రోగ్రాం అంతా రాశాక ఆ ఆప్షన్ కొనలేదని తెలిస్తే కలిగే బాధ వేరు.

ఇక్కడి నుంచి యూనివర్సల్ ఈ-సిరీస్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. నేర్చుకోవడానికి అదే సులువు, పైగా దాని సిమ్యులేటర్ ఉచితంగా దొరుకుతుంది.

2. ఆపే పనిని మీ ప్రోగ్రాంకు ఇవ్వకండి

ఎమర్జెన్సీ స్టాప్, కంచె తలుపు స్విచ్, లైట్ కర్టెన్ (మనిషి అడ్డొస్తే పసిగట్టే కాంతి తెర), ఇవన్నీ వైర్లతో నేరుగా రోబో సేఫ్టీ కంట్రోలర్‌కో సేఫ్టీ పీఎల్‌సీకో (ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే కంట్రోలర్) వెళ్లాలి. మధ్యలో పైథాన్ గానీ లైనక్స్ గానీ మీ నెట్‌వర్క్ స్విచ్ గానీ ఉండకూడదు. టీచ్ పెండెంట్‌లో (రోబోతో వచ్చే చేతి స్క్రీన్‌లో) వేగం, బలం, తిరిగే హద్దులు బిగించి పాస్‌వర్డ్ పెట్టండి. మీ ప్రోగ్రాం చెత్త అంకె పంపినా రోబో ఆ హద్దు దాటకూడదు. రోబోల భద్రతకు పెట్టిన ఐఎస్ఓ 10218 ప్రమాణం 2025లో కొత్త రూపంలో వచ్చింది. ఫ్యాక్టరీలో పెట్టే సెల్ (రోబో, దాని చుట్టూ ఉన్న ఏర్పాటు) అయితే దాని ప్రకారం రిస్క్ అసెస్‌మెంట్ చేయించాల్సిందే. దీని మీద బేరాల్లేవు.

3. మీకు నిజంగా ఎంత టైముందో లెక్క కట్టండి

చాలామంది ఈ లెక్క వేయకుండానే 500 హెర్ట్జ్ (సెకనుకు 500 సార్లు) వెంట పడతారు. నేనూ పడ్డాను.

సీలెంట్ పనే తీసుకోండి. అంచు ఎక్కడుందో చూసే లేజర్ సెన్సర్‌ను నాజిల్‌కు 40 మిల్లీమీటర్లు ముందు బిగించామనుకుందాం. వేగం సెకనుకు 100 మిల్లీమీటర్లు. సెన్సర్ చూసిన చోటికి నాజిల్ చేరడానికి 400 మిల్లీసెకన్లు పడుతుంది. కొలతను శుభ్రం చేయడానికి, అంచు ఎంత పక్కకు జరిగిందో తేల్చడానికి, కంట్రోలర్‌కు పంపడానికి పైథాన్‌కు 400 మిల్లీసెకన్లు ఉన్నాయన్నమాట. అది కాలు మీద కాలేసుకుని చేసేంత టైము. మధ్యలో ఒకసారి 30 మిల్లీసెకన్లు నిద్రపోయినా ఎవరికీ తెలియదు.

అదే సెన్సర్‌ను సరిగ్గా నాజిల్ పక్కనే పెడితే ఆ 30 మిల్లీసెకన్లలో నాజిల్ 3 మిల్లీమీటర్లు దాటిపోతుంది. సాఫ్ట్‌వేర్‌తో తెచ్చుకోలేని టైమును ఒక్కోసారి చిన్న అల్యూమినియం బ్రాకెట్ తెచ్చిపెడుతుంది. కాబట్టి కోడ్ మొదలుపెట్టే ముందు మెకానికల్ వాళ్లతో కూర్చోండి.

మీ పనికి కూడా ఇలాగే కాగితం మీద రాసుకోండి: చెయ్యి వేగం ఎంత, ఎన్ని మిల్లీమీటర్ల తప్పును ఓర్చుకోగలం, సెన్సర్ చూసిన క్షణానికీ అంకె చేతికొచ్చే క్షణానికీ తేడా ఎంత. తప్పును వేగంతో భాగిస్తే మీ అసలు గడువు వస్తుంది. సెకనుకు మీటరు వేగంతో పోయే చేతికి 2 మిల్లీసెకన్లంటే 2 మిల్లీమీటర్లు. సీలెంట్ పూయడం, డబ్బాలు సర్దడం లాంటి పనుల్లో గడువు పదుల మిల్లీసెకన్లలోనే తేలుతుంది. పాలిష్ పట్టడం, బిగుతుగా ఉండే రంధ్రంలో పిన్ను దూర్చడం లాంటి బలంతో ముడిపడ్డ పనులకే 1, 2 మిల్లీసెకన్లు కావాలి. అవి కూడా ఎక్కువగా రోబో సొంత ఫోర్స్ మోడ్‌లోనే చేయొచ్చు.

4. రెండు దారుల్లో ఒకటి ఎంచుకోండి

మొదటి దారిలో కదలిక అంతా కంట్రోలర్‌లోనే ఉంటుంది. యూనివర్సల్ రోబోల సొంత భాష యూఆర్‌స్క్రిప్ట్‌లో చిన్న ప్రోగ్రాం రాసి రోబోలో పెడతారు. అది మామూలుగా గీత వెంట కదులుతూ, ఇన్‌పుట్ రిజిస్టర్‌లో (బయటి నుంచి అంకె వేసే గడిలో) ఉన్న అంకెను చదివి, ఆ మేరకు దారిని పక్కకు జరుపుతుంది. ఇందుకోసం పాత్ ఆఫ్‌సెట్ అనే ఫంక్షన్లు అందులోనే ఉన్నాయి. మీ పైథాన్ చేసేదల్లా ఆర్‌టీడీఈ ద్వారా ఆ రిజిస్టర్‌లో అంకె వేయడం, సెకనుకు 50 సార్లు వేసినా చాలు. బయటి ప్రోగ్రాంల కోసం 24 నుంచి 47 వరకు రిజిస్టర్లు కేటాయించారు, వాటినే వాడండి. 0 నుంచి 23 వరకు ఉన్నవి పీఎల్‌సీ, ఫీల్డ్‌బస్ (ఫ్యాక్టరీ యంత్రాల నెట్‌వర్క్) వాళ్లవి.

రెండో దారిలో ప్రతి 2 మిల్లీసెకన్లకూ ఆరు కీళ్ల కోణాలను మీరే పంపుతారు. దీనికి వాడే ఆదేశం సర్వోజే. సదరన్ డెన్మార్క్ యూనివర్సిటీ వాళ్ల యూఆర్-ఆర్‌టీడీఈ లైబ్రరీతో పైథాన్ నుంచి దీన్ని సులభంగా పిలవొచ్చు. ఆ లైబ్రరీ లోపలంతా సీ ప్లస్ ప్లస్సే, పైథాన్ పైన తొడిగిన చొక్కా మాత్రమే.

నా మాటగా చెప్పాలంటే, మొదటి దారి కుదరదని రుజువయ్యాకే రెండోదానికి వెళ్లండి. రెండోదాంట్లో అంతా మన చేతిలోనే ఉందన్న మోజు తప్ప చాలా పనుల్లో దానివల్ల లాభమేమీ ఉండదు. నా ముద్దలు పోయింది కూడా చివరికి మొదటి దారికి మారాకే.

రెండోదే కావాల్సివస్తే, కింద చెప్పేదంతా చేయండి.

5. కంప్యూటర్‌ను సిద్ధం చేయండి

ఆఫీసు ల్యాప్‌టాప్, వైఫై, యూఎస్‌బీ నెట్‌వర్క్ అడాప్టర్, ఈ మూడూ వద్దు. డెస్క్‌టాప్ లేదా ఫ్యాన్ లేని ఇండస్ట్రియల్ పీసీ తీసుకుని, మదర్‌బోర్డు మీది నెట్‌వర్క్ పోర్టు నుంచి రోబో కంట్రోలర్‌కు నేరుగా ఒకే కేబుల్ వేయండి. ఇంటర్నెట్‌కు ఇంకో పోర్టు వాడండి.

దాని మీద రియల్ టైమ్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఉన్న లైనక్స్ వేయండి. ప్రీఎంప్ట్-ఆర్‌టీ అనే ఈ మార్పు దాదాపు ఇరవై ఏళ్లు బయట ప్యాచ్‌గానే తిరిగింది. 2024లో 6.12 వెర్షన్‌తో అసలు కెర్నల్‌లో కలిసింది. ఉబుంటు వాడేవాళ్లకు ఉబుంటు ప్రోలో రెడీమేడ్‌గా దొరుకుతుంది, సొంత వాడకానికి 5 కంప్యూటర్ల దాకా ఉచితం.

తర్వాత బయోస్‌లోకి (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లోకి) వెళ్లి కరెంటు ఆదా చేసే నిద్ర స్థితులు, హైపర్‌థ్రెడింగ్ ఆపండి. సీపీయూ వేగాన్ని నిర్ణయించే గవర్నర్‌ను పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి. ఒక కోర్‌ను మిగతా పనుల నుంచి వేరుచేసి మీ లూపు కోసమే ఉంచండి.

ఇక కొలవండి. పని సమయానికి మొదలవడంలో ఎంత ఆలస్యమవుతోందో కొలిచే సైక్లిక్‌టెస్ట్ అనే ప్రోగ్రాంను రాత్రంతా నడపండి. అదే సమయంలో వేరే కోర్లను స్ట్రెస్ ప్రోగ్రాంతో, డిస్కును పెద్ద ఫైల్ కాపీతో సతాయించండి. పొద్దున్నే వచ్చి సగటు చూడకండి, గరిష్ఠం చూడండి. నేను 100 మైక్రోసెకన్లు దాటితే ఆ మెషీన్‌ను పక్కన పెడతాను. ఖాళీగా ఉన్న కంప్యూటర్ మీద పది నిమిషాలు నడిపి బాగుందనుకుంటే మిమ్మల్ని మీరు మోసం చేసుకున్నట్టే.

6. లూపు రాయండి, అందులోంచి అన్నీ తీసేయండి

ముందుగా, కెమెరా లేదా సెన్సర్ పనినీ స్క్రీన్ పనినీ లూపుతో కలిపి ఒకే ప్రాసెస్‌లో థ్రెడ్లుగా పెట్టకండి. మామూలు పైథాన్‌లో ఒక సమయంలో ఒక థ్రెడ్డే నడుస్తుంది. నడిచే హక్కనే తాళంచెవి ఒక థ్రెడ్ చేతిలో ఉంటే ఇంకో థ్రెడ్ అడిగాక డిఫాల్ట్‌గా 5 మిల్లీసెకన్ల దాకా ఆగాల్సి రావచ్చు. మీ గడువేమో 2 మిల్లీసెకన్లు! మొదటి మెతుకు దగ్గరే రాయి తగిలినట్టు. అందుకే రోబో లూపు ఒక ప్రాసెస్, మిగతాదంతా ఇంకో ప్రాసెస్. మధ్యలో రెండూ చూడగలిగే షేర్డ్ మెమరీ. 3.8 వెర్షన్ నుంచి అది పైథాన్‌లోనే ఉంది.

లూపు మొదలయ్యే ముందు చేయాల్సినవి:

- ఓఎస్ మాడ్యూల్‌తోనే ప్రాసెస్‌ను రియల్ టైమ్ పనులకిచ్చే ఫిఫో షెడ్యూలింగ్‌లో, 80 ప్రయారిటీతో పెట్టండి, వేరుచేసిన కోర్‌కు కట్టేయండి. 99 ఇవ్వకండి, కెర్నల్ సొంత పనులకు కూడా చోటుండాలి.
- సీ ఫంక్షన్లను పిలిపించే సీటైప్స్ ద్వారా ఎం-లాక్-ఆల్ పిలిచి మెమరీని ర్యామ్‌లోనే బిగించండి.
- కావాల్సిన నంపై అర్రేలన్నీ (అంకెల వరుసలు) ముందే కేటాయించండి. లోపల లెక్కల ఫలితాన్ని పాత అర్రేలోకే రాయించండి.
- గార్బేజ్ కలెక్టర్‌ను (వాడని మెమరీని ఊడ్చేదాన్ని) ఒకసారి నడిపి, ఫ్రీజ్ చేసి, ఆపేయండి. ఒక ప్యానెల్ పూర్తయ్యి ఇంకోటి బిగించే లోపు, చెయ్యి కదలనప్పుడు, మీరే పిలిచి ఊడ్పించండి.

లూపు లోపల ప్రింట్ వద్దు, ఫైల్ వద్దు, డేటాబేస్ వద్దు. లాగ్ కావాలంటే ముందే కేటాయించిన అర్రేలో అంకెలు వేసుకుంటూ పోండి, డిస్కుకు రాసే పని రెండో ప్రాసెస్ చూసుకుంటుంది. నా స్కేలు కథ గుర్తుందిగా.

టైము దగ్గర అందరూ చేసే తప్పు ఒకటుంది. లూపు చివర 2 మిల్లీసెకన్లు నిద్రపొమ్మంటారు. పనికి 0.4 పట్టిందనుకోండి, చుట్టు 2.4 అవుతుంది. 500 సార్లు తిరగాల్సింది 416 సార్లే తిరుగుతుంది. దాని బదులు తర్వాతి గడువు ఏ క్షణమో ముందే లెక్కకట్టి, ఆ క్షణం దాకా నిద్రపోవాలి. యూఆర్-ఆర్‌టీడీఈలో ఇందుకు ఇనిట్‌పీరియడ్, వెయిట్‌పీరియడ్ అనే జంట ఉంది. ఇంకా మంచి పద్ధతి, గడియారాన్ని రోబోకే వదిలేయడం: రోబో నుంచి ప్యాకెట్ రాగానే జవాబివ్వండి. మీ పీసీ గడియారం, రోబో గడియారం ఎప్పటికీ పూర్తిగా ఒకటి కావు. కూకా ఆర్‌ఎస్‌ఐలో ఇది తప్పనిసరి కూడా. రోబో పంపిన ఐపీఓసీ అనే టైమ్‌స్టాంప్ అంకెను తిరిగి అలాగే పంపకపోతే ఒప్పుకోదు.

ఒక చుట్టు తప్పితే దాన్ని వదిలేయండి. తప్పిపోయిన టార్గెట్లను వెంటవెంటనే పంపేసి లెక్క సరిచేద్దామనుకుంటే చెయ్యి జర్క్ ఇస్తుంది.

7. పంపే అంకెలు నునుపుగా ఉండాలి

కెమెరా ఇచ్చిన కోణాన్ని నేరుగా సర్వోజేకు ఇచ్చేయకండి. మధ్యలో రకిగ్ లాంటి లైబ్రరీ పెట్టండి. వేగం, త్వరణం, జెర్క్ (త్వరణం మారే వేగం) హద్దులు చెబితే ఇప్పుడున్న చోటి నుంచి టార్గెట్ దాకా నునుపైన దారి లెక్కకడుతుంది, అదీ మైక్రోసెకన్లలో. పైథాన్ నుంచి పిలవొచ్చు.

సర్వోజేలో లుక్‌అహెడ్ 0.03 నుంచి 0.2 సెకన్ల వరకు, గెయిన్ 100 నుంచి 2000 వరకు పెట్టుకోవచ్చు. లుక్‌అహెడ్ పెంచితే నునుపు వస్తుంది, వెనకబాటు కూడా వస్తుంది. గెయిన్ మరీ పెంచితే చెయ్యి సన్నగా వణుకుతుంది. చేత్తో పట్టుకుంటే పాత మిక్సీ మీద చెయ్యి పెట్టినట్టుంటుంది. నేను 0.1, 300తో మొదలుపెట్టి కొంచెం కొంచెం మారుస్తాను.

8. ఆలస్యమైతే ఏం జరగాలో ఇప్పుడే రాయండి

మీ ప్రోగ్రాం చచ్చిపోతే రోబో ఆగాలి. యూఆర్‌స్క్రిప్ట్‌లో ఆర్‌టీడీఈ వాచ్‌డాగ్ అనే కాపలా ఉంది: ఫలానా రిజిస్టర్‌కు సెకనుకు కనీసం ఇన్నిసార్లు అంకె రాకపోతే ప్రోగ్రాంను ఆపేయమని చెప్పొచ్చు. ఫ్రాంకా అయితే వరుసగా 20 ప్యాకెట్లు పోతే తనే ఆగిపోతుంది.

చావడం కన్నా ప్రమాదం, బతికుండి పాత అంకెలే పంపడం. కెమెరా ప్రాసెస్ ఇరుక్కుపోతే లూపు మాత్రం అదే అంకెను హాయిగా తిప్పుతూ ఉంటుంది, వాచ్‌డాగ్‌కు అనుమానం కూడా రాదు. అందుకని ప్రతి కొలతతో పాటు అది తీసిన సమయాన్ని కూడా షేర్డ్ మెమరీలో వేయండి. లూపు ఆ వయసు చూడాలి. 100 మిల్లీసెకన్లు దాటితే వేగం మెల్లగా తగ్గించాలి, 300 దాటితే ఆగి, సీలెంట్ వాల్వ్ మూయాలి. ఈ అంకెలు సీలెంట్ పనివి, మీవి మూడో మెట్టులో వేసిన లెక్క నుంచి తీసుకోండి.

9. సిమ్యులేటర్ నుంచి షిఫ్ట్ దాకా

యూనివర్సల్ వాళ్ల సిమ్యులేటర్ యూఆర్‌సిమ్‌ను డాకర్‌లో (సాఫ్ట్‌వేర్‌ను విడిగా నడిపే డబ్బాలో) నడిపి ముందు లాజిక్ సరిచూసుకోండి. టైమింగ్ గురించి అది చెప్పేది నమ్మకండి, ఎందుకంటే అది మీ పీసీ మీదే నడుస్తోంది.

తర్వాత నిజమైన రోబో మీద, నాజిల్ తీసేసి, స్పీడ్ స్లైడర్ తగ్గించి, ఒక చెయ్యి ఈ-స్టాప్ మీద ఉంచి నడపండి. నడుస్తుండగా కావాలనే చెడగొట్టండి: కెమెరా కేబుల్ పీకండి, విజన్ ప్రాసెస్‌ను చంపండి, నెట్‌వర్క్ కేబుల్ లాగండి. ఎనిమిదో మెట్టులో రాసుకున్నట్టే ఆగుతోందా? ఒక్కదాంట్లో ఆగకపోయినా ముందుకు వెళ్లొద్దు.

చివరగా 8 గంటల షిఫ్ట్ నడిపి ప్రతి చుట్టు నిడివినీ దాచండి. 500 హెర్ట్జ్ దగ్గర అది 1 కోటి 44 లక్షల చుట్లు. పది లక్షల్లో ఒక్కసారే తప్పుతోందని సంబరపడితే, షిఫ్ట్‌లో 14 సార్లు తప్పుతున్నట్టు. ఆ 14 ఏ టైములో వచ్చాయో చూడండి. సమాన దూరంలో ఉంటే మీ కోడ్‌లోనో, వేళకు తనంతట నడిచే క్రాన్ జాబ్‌లోనో దొంగ ఉన్నాడు. ఇష్టమొచ్చినట్టు ఉంటే హార్డ్‌వేర్, బయోస్ వైపు చూడండి.

10. పైథాన్‌ను ఎప్పుడు వదలాలి

ఇవన్నీ చేశాక కూడా గరిష్ఠం గడువు దాటుతుంటే, ఆ ఒక్క లూపును సీ ప్లస్ ప్లస్‌లోనో రస్ట్‌లోనో రాయండి. మొత్తం తిరగరాయక్కర్లేదు. ప్రాసెస్‌లు ముందే విడగొట్టారు, షేర్డ్ మెమరీ ఉంది, లూపు రెండు మూడు వందల లైన్లకు మించదు. రాస్-2 అనే రోబో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఈ ఏర్పాటు ముందే ఉంది, రాస్-2-కంట్రోల్‌లో కంట్రోలర్లు సీ ప్లస్ ప్లస్‌లో, పై ప్లానింగ్ పైథాన్‌లో. ఫ్రాంకా 1 మిల్లీసెకను లూపుకైతే నేను పైథాన్‌తో ప్రయత్నించను కూడా.

పని అయిపోయాక ఆ పీసీలో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేసి, డబ్బా మీద చీటీ అంటించండి: కెర్నల్ వెర్షన్, సైక్లిక్‌టెస్ట్ గరిష్ఠం, పరీక్షించిన తేదీ. ఆర్నెల్ల తర్వాత ఐటీ వాళ్లెవరో వచ్చి యాంటీవైరస్ వేస్తారు. ఆ చీటీ మీద మీ ఫోన్ నంబరు కూడా రాసిపెట్టండి.